60 మొక్కలు నాటితే నాలుగు మిగిలాయి. మా పిలకాయలకు పర్యావరణం ఎట్లా నేర్పేది?

చంద్రగిరి బయాలజీ టీచర్ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. చంద్రగిరి నుంచి భాకరాపేట పోయే దారిలో ఒక ప్రభుత్వ హైస్కూల్లో బయాలజీ చెప్తాను. ఈ జూన్‌లో ట్రాన్స్‌ఫర్ మీద వచ్చాను. ఎనిమిది, తొమ్మిది తరగతులు నావి. రెండూ కలిపి 71 మంది.

బడి తెరిచిన రెండో వారంలో ఎకో క్లబ్ రిజిస్టరు నా చేతికిచ్చారు. పోయినేడాది జులైలో 60 మొక్కలు నాటినట్టు అందులో రాసుంది. ఫొటోలు కూడా అతికించారు: చేతిలో మొక్క, వెనక బ్యానరు, వరసగా నిలబడిన పిల్లలు. గ్రౌండులోకి పోయి చూస్తే బతికున్నవి నాలుగే. ఈ ఏడాది కూడా మొక్కలొస్తాయి, పిల్లలతో నాటించి ఫొటోలు పంపాలని చెప్పారు. క్లాసులో ఆ మాట అనగానే తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె లేచి, "మేడమ్, మళ్లీ అదే గుంతల్లోనే నాటేదా?" అని అడిగింది. ఆ గొంతులో ఎగతాళి ఏమీ లేదు. పోయినేడాది ఆ గుంతలు తవ్వింది వాళ్లే, అందుకే తెలుసుకోవాలని అడిగింది. నేను జవాబు చెప్పలేకపోయాను. ఆ రాత్రంతా అదే మాట చెవిలో తిరిగింది.

మా పిల్లల గురించి ఒక మాట చెప్పాలి. గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద అని ఆహారపు గొలుసు గడగడా అప్పజెప్తారు. పరీక్షలో బాణం గుర్తులతో సహా గీస్తారు. కానీ బడి గోడ అవతల మిడత ఏ ఆకు తింటుందో చూశారా అంటే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. కిటికీలోంచి శేషాచలం కొండలు కనబడతాయి. 2010లో వాటిని బయోస్ఫియర్ రిజర్వ్‌గా ప్రకటించారని పుస్తకంలో చదువుతారు. వాళ్ల అవ్వలు ఉసిరికాయలకు, చీపురు పుల్లలకు పోయేది ఆ కొండకేనని ఆ పాఠంలో ఎక్కడా రాదు. ఈ రెండూ ఒకటే కొండ అని పిల్లలకు తట్టే రోజు రావాలి, నాకు కావాల్సింది అదే.

డబ్బు లేదు. ఒక మైక్రోస్కోపు ఉంది, అద్దం పగిలితే కొత్తది వేయించాను. శనివారం నో బ్యాగ్ డే కాబట్టి రెండు పీరియడ్లు నాకు దొరుకుతాయి. బడి వెనక కానుగ చెట్లు ఒక వరస, రెండు వేపలు, కాంపౌండు గోడ పొడుగునా జిల్లేడు. పిలిస్తే పలికే దూరంలో చిన్న చెరువు ఉంది, దాని లోపలంతా సర్కారు తుమ్మ పట్టేసింది. పాములున్నాయని హెడ్ మాస్టరు గారికి భయం, ఆ భయాన్ని నేను తప్పు పట్టను. ఒక్కరోజు కార్యక్రమం కాకుండా ఏడాది పొడుగునా సాగేది ఏదైనా చేయించినవాళ్లు ఉంటే, ఎక్కడ మొదలుపెట్టారో చెప్పండి.


పుత్తూరు అయివారు

అమ్మా, 31 ఏళ్లు సైన్స్ చెప్పి రిటైరైనవాణ్ని. పుత్తూరు, నగరి, కార్వేటినగరం చుట్టుపక్కల బళ్లలోనే నా సర్వీసంతా గడిచింది. మొదటి ప్రాజెక్టు కోసం ఎక్కడా వెతుక్కోబాకండి, ఆ పిల్ల దాన్ని మీ చేతిలో పెట్టేసింది. ఆ 56 మొక్కలు ఎందుకు చచ్చిపోయినాయో పిలకాయలనే కనుక్కోమనండి.

గుంతలు తవ్వించండి. కానీ గడ్డపార పట్టకముందే ప్రతి ఒక్కరి చేతా తమ ఊహ నోటు పుస్తకంలో రాయించండి. నీళ్లు చాల్లేదా, మేకలు కొరికినాయా, మట్టి మంచిది కాదా, ఏమనుకుంటే అది. తవ్వినాక ఎవరైనా "నేను ముందే అనుకున్నా" అంటారు. ముందు రాసుకున్న కాగితం ఉంటే ఆ మాట నిలవదు, సైన్సు అంటే ఏమిటో అక్కడ సగం అర్థమవుతుంది. తర్వాత గ్రౌండు మ్యాపు గీసి గుంత గుంతకూ నంబరు వేయించండి. తవ్వినప్పుడు వేరు ఎంత లోతుకు దిగింది, అడుగున మట్టి ఉందా కంకర ఉందా, కాండం ఎండిందా కొరికేసిందా, నర్సరీ నల్ల కవరు అట్లాగే ఉండిపోయిందా, ఇవన్నీ చూడాలి. కవరు చించకుండా నాటితే వేర్లు లోపలే గుండ్రంగా చుట్టుకుంటాయి. వానలు పడినన్నాళ్లు మొక్క పచ్చగానే ఉంటుంది. సంక్రాంతి దాటి ఎండ ముదిరేసరికి వాడిపోతుంది. నా సర్వీసులో ఒకసారి ఇదే జరిగింది. నాటించింది నేనే. కవరు తియ్యాలని ఎవరికి తెలియదులే అని చెప్పకుండా వదిలేశాను. ఏడాది తర్వాత ఎండిన పుల్ల పట్టి లాగితే కవరు సహా పైకొచ్చింది, వేర్లు లోపల పురికొస చుట్టినట్టు చుట్టుకుని ఉన్నాయి. ఇప్పటికీ ఆ కవరు నా కళ్ల ముందే ఉంది.

బతికిన నాలుగింటినీ వదలబాకండి. అవెందుకు బతికాయో కనుక్కోవడం ఇంకా ముఖ్యం.

మట్టి సంగతి తేల్చడానికి ల్యాబు అక్కర్లేదు. ఖాళీ నీళ్ల బాటిళ్లు తెమ్మనండి. చచ్చిన గుంత మట్టి ఒక దాంట్లో, కానుగ చెట్టు కింద మట్టి ఒక దాంట్లో, మూడో వంతుకు పోసి నీళ్లు నింపి బాగా కుదిపి కిటికీలో కదలకుండా పెట్టండి. ఒకటి రెండు రోజులకు ఇసుక అడుగున, దాని మీద ఒండ్రు, ఆ పైన బంకమట్టి పొరలు పొరలుగా కూర్చుంటాయి. కుళ్లిన ఆకు పొడి పైన తేలుతుంది. స్కేలు పెట్టి ఒక్కో పొర కొలిచి రాసుకోవచ్చు. కానుగ కింది మట్టిలో తేలేది ఎంతో, గ్రౌండు మట్టిలో ఎంతో చూస్తే, రాలిన ఆకులు ఊడ్చి తగలబెట్టకూడదని మీరు చెప్పే పని ఉండదు.

ఇది అయినాక జిల్లేడుకు రండి. గోడ పొడుగునా ఉందన్నారు, ఇంతకంటే అదృష్టం లేదు. ఆకు తిప్పి చూస్తే అడుగున ఆవగింజకన్నా చిన్నగా తెల్లటి గుడ్డు ఒంటరిగా కనబడుతుంది. ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుకది. నారింజ రంగు రెక్కలు, కొసన నలుపు, ఆ నలుపులో తెల్ల చుక్కలు, మన ఊళ్లల్లో రోజూ తిరిగేదే. మూడు నాలుగు రోజులకు పిగిలి పురుగు బయటికొస్తుంది. పసుపు, నలుపు, తెలుపు పట్టీలతో ఉంటుంది. పెరిగేకొద్దీ అది చేసే పని పిలకాయలకు చూపించాలి. ఆకు తినేముందు పోయి నడిమి ఈనెను కొరుకుతుంది. పాలు అక్కడే కారిపోతాయి, తర్వాత పాలు తగ్గిన ఆకును తింటుంది. ఆ జిల్లేడు విషమే దాని ఒంట్లో నిలవ ఉండి పిట్టలు దాని జోలికి రాకుండా కాపాడుతుంది. దీని వేషం వేసుకున్న ఇంకో సీతాకోకచిలుక ఉంది, ఆడది అచ్చం ఇట్లాగే ఉంటుంది కానీ ఒంట్లో విషం లేదు. దాని పురుగు తినేది గంగవావిలి కూర, మనం పప్పులో వేసుకునేదే. ఒక ఆకుకూర, ఒక కలుపు మొక్క, రెండు సీతాకోకచిలుకలు, మోసపోయే ఒక పిట్ట. ఆహారపు గొలుసు పాఠం మొత్తం గోడ పక్కనే ఉంది.

పెంచేటప్పుడు నేను చేసిన తప్పు మీరు చెయ్యబాకండి. మొదటిసారి గాజు సీసాలో పెట్టి మూత బిగించాను. లోపల చెమ్మ పట్టి ఆకు కుళ్లింది, నాలుగు పురుగులు చచ్చినాయి. పిలకాయల ముందు తప్పు ఒప్పుకున్నాను. తర్వాత అట్టపెట్టెకు ఒక పక్క కోసి పాత దోమతెర ముక్క అతికించాం. రోజూ కొత్త ఆకు, రోజూ రెట్ట దులపడం. వారం దాటి ఇంకో నాలుగైదు రోజులకు అది తలకిందులుగా వేలాడి ఆకుపచ్చ గూడవుతుంది, గూటి మీద బంగారు చుక్కలు. ఎనిమిది, పది రోజులకు గూడు నల్లబడి లోపలి నారింజ రెక్క బయటికి కనబడితే ఆ పూట ఏ పాఠమూ చెప్పబాకండి, అందరూ దాని చుట్టే కూర్చోవాలి. రెక్కలు ఆరేదాకా ఎవరూ తాకకూడదు.

ఒక ఏడాది రెండు గూళ్లలోంచి సీతాకోకచిలుక రాలేదు. తెల్లటి పురుగులు కిందికి దిగి, గోధుమ రంగు గుళ్లయి, కొన్నాళ్లకు ఈగలై లేచినాయి. బతికున్న పురుగు మీదే గుడ్లు పెట్టే ఈగలవి. ఎనిమిదో తరగతి పిల్లవాడు ఏడ్చేశాడు. ఆ ఈగల్ని చంపేద్దాం సార్ అన్నాడు ఇంకొకడు. ఈగ లేకపోతే ఒక్క జిల్లేడుకైనా ఆకు మిగులుతుందా అని ఒక ఆడపిల్ల అడిగింది. ఆ పీరియడంతా వాళ్లే వాదించుకున్నారు. నేను బల్ల మీద కూర్చుని వింటూ ఉండిపోయాను. నా సర్వీసులో అంత మంచి పీరియడు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

అన్నీ ఒక్క ఏడాదే పెట్టుకోబాకండి. గుంతలు, జిల్లేడు, ఈ రెండూ చాలు.


చంద్రగిరి బయాలజీ టీచర్

సార్, మీ జవాబు చదువుతుంటే మీ క్లాసులో కూర్చున్నట్టు అనిపించింది. ఒక సందేహం. జిల్లేడు పాలు కంట్లో పడితే ప్రమాదం కదా, 71 మందిని గోడ దగ్గరికి వదలాలంటే భయంగా ఉంది. ఇంకొకటి, తలకోన జలపాతానికి ఒక ట్రిప్పు వేద్దామని స్టాఫు అంటున్నారు. అది ఇప్పుడే పెట్టుకోవచ్చా?


పుత్తూరు అయివారు

మంచి ప్రశ్న అమ్మా, నేనే ముందు చెప్పాల్సింది. జిల్లేడు పాలు కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఆకు తెంచే పని మీదే, పిలకాయలది కాదు. తెంచినాక పాలు కారేదాకా ఇసుకలో గుచ్చి పెట్టి, తుడిచి అప్పుడు పెట్టెలో వెయ్యండి. పురుగును చూడడం, కొలవడం, బొమ్మ గీయడం వాళ్ల పని. చేతులు సబ్బుతో కడిగినాకే మొహం తాకాలి. గోడ దగ్గరికి ఎనిమిది మందికి మించి ఒకసారి పంపబాకండి. బూట్లుండాలి. ముందు మీరు కర్రతో గడ్డి తట్టి చూడండి. వానల తర్వాత మన జిల్లాలో స్క్రబ్ టైఫస్ అనే జ్వరం వస్తుంది, పొదల్లో ఉండే నల్లి పిల్ల కుట్టడం వల్ల. అందుకని పొదల్లో కూర్చోనివ్వబాకండి. ఈ జాగ్రత్తలన్నీ ఒక కాగితం మీద రాసి హెడ్ మాస్టరు గారికివ్వండి, ఆయన భయం సగం తగ్గుతుంది.

తలకోన ట్రిప్పు ఆఖర్న పెట్టుకోండి. ఇప్పుడు పోతే జలపాతం చూసి, చిప్స్ తిని వస్తారు. ఏడాదంతా బడి వెనక చూడడం నేర్చినాక పోతే అక్కడి చెట్ల దగ్గరే ఆగిపోతారు. అటవీ శాఖ అనుమతి తీసుకోండి. నేషనల్ పార్కులోంచి రాలిన కాయ కూడా తేకూడదని ముందే చెప్పండి. ఎర్రచందనం కాయ చూపించాలంటే నర్సరీలో అడిగితే సరి. గుండ్రంగా, చుట్టూ పలచటి రెక్కతో ఉంటుంది. గాలిలోకి విసిరితే ఎట్లా తిరుగుతుందో చూసి, ఈ చెట్టు కొండవాలులో ఎట్లా పరుచుకుంటుందో వాళ్లే చెప్తారు.


పలమనేరు టీచర్

మా పక్క సంగతి వేరు కాబట్టి రాస్తున్నా. కౌండిన్య అభయారణ్యం అంచున ఒక ఊళ్లో పని చేస్తున్నా. 1980ల్లో తమిళనాడు వైపు నుంచి ఏనుగులు వచ్చి ఇక్కడే నిలిచిపోయినాయి, 1990లో అభయారణ్యం అయింది. మా క్లాసులో కూర్చునే పిల్లల్లో సగం మందికి చెరుకో, రాగో, టమాటానో తొక్కించుకున్న ఇంటి బాధ తెలుసు. రాత్రి నాయన మంచె మీద కాపలా ఉంటే పొద్దున నిద్రమొహంతో బడికొచ్చే పిల్లవాడి చేత "ఏనుగులను కాపాడుకుందాం" అని చార్టు రాయించాను, చేరిన కొత్తలో. రాశాడు. రాసి ఇచ్చేటప్పుడు నా కళ్లలోకి చూడలేదు. ఆ తర్వాత నేనెప్పుడూ అట్లాంటి చార్టు రాయించలేదు.

ఇప్పుడు మేం చేసేది మ్యాపు. ఊరి చుట్టూ పొలాలు, వంకలు, కుంటలు, అడవి అంచు గీసి, ఏనుగులు వచ్చిన ప్రతిసారీ తేదీ, టైము, ఏ దోవన వచ్చాయి, ఏ పంట తిన్నాయి, ఏది తొక్కి వదిలేశాయి అని పిల్లలు ఇంట్లో అడిగి గుర్తులు పెడతారు. రెండేళ్ల గుర్తులు ఒకదాని మీద ఒకటి పడినాక ఒక వంక పక్కన గీత మందంగా కనబడింది. అడవిలో నీళ్లు ఎండిన నెలల్లోనే ఆ గీత మందమైంది. ఆ మ్యాపు ముందు నిలబడి పెద్దవాళ్లు కూడా చానాసేపు మాట్లాడుకున్నారు. ఏనుగు మీద వాళ్లకు కోపం పోలేదు, పోవాలని నేను అనను కూడా. కానీ ఎప్పుడొస్తుందో, ఎందుకొస్తుందో తెలిసినాక కాపలా పద్ధతి మార్చుకున్నారు. 2025లో కర్ణాటక నుంచి కుంకీలను, అంటే అడవి ఏనుగులను తరిమేందుకు శిక్షణ ఇచ్చిన ఏనుగులను తెచ్చారు కదా, అవి ఎట్లా పని చేస్తాయో తెలుసుకోవాలని పిల్లలు తెగ అడుగుతున్నారు.

ఇంకొక పని చేశాం. ఊరి పొలంలో పడిన ఏనుగు లద్దె, అటవీ శాఖ వాచరు తోడుండగా ఒక గంపెడు తెచ్చి, పాత తొట్టిలో మట్టి మీద పరిచి రోజూ నీళ్లు చల్లాం. మూడు వారాల్లో రాగి మొలకలొచ్చాయి, అది ఎవరి చేనిదో కూడా పిల్లలు చెప్పారు. వాటి పక్కనే రెండు చింత మొలకలు, మాకెవరికీ పేరు తెలియని గడ్డి ఒకటి. అడవిలో విత్తనం చల్లేది ఎవరు అన్న పాఠం ఆ తొట్టి దగ్గరే అయిపోయింది. పంట పోగొట్టుకున్న ఇంటి పిల్లవాడే ఆ చింత మొలకలకు రోజూ నీళ్లు పోశాడు.


తిరుపతిలో పక్షుల మీద పరిశోధన చేస్తున్నాను

మేడమ్, పిల్లలు రాసుకున్న లెక్కలు బడి గోడ దాటి పోయే దారులు రెండు చెప్తాను. సీజన్‌వాచ్ అని ఉంది. ఒక చెట్టును ఎంచుకుని వారం వారం అదే చెట్టుకు లేతాకు, ముదురాకు, మొగ్గ, పువ్వు, కాయ లేవా, కొన్ని ఉన్నాయా, చాలా ఉన్నాయా అని నమోదు చెయ్యడమే పని. మీ వేప, కానుగ దానికి సరిపోతాయి. ఉగాదికి వేపపూత వస్తుందని అందరికీ తెలుసు, కానీ మీ బడి వేప ఏ వారంలో పూసిందో ఐదేళ్లు వరసగా రాసి పెట్టుకున్న బడి ఎంత అపురూపమో ఆలోచించండి. రెండోది ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే పక్షుల లెక్క, గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్. పావుగంట ఒకచోట నిలబడి కనబడినవి లెక్కేసి, పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ వెబ్‌సైటులో ఎక్కించాలి. మన దగ్గరే మదనపల్లె పక్కన రిషి వ్యాలీ బడి తన లోయను 1991లోనే పక్షుల రక్షిత ప్రాంతంగా ప్రకటించుకుంది. బడి పిల్లలు ఎంత దూరం పోగలరో దాన్ని చూస్తే తెలుస్తుంది.

పేర్ల గురించి ఒక మాట. ఇంగ్లీషు పేరు తెలియలేదని ఏ పిల్లనూ ఆపకండి, ఇంట్లో అవ్వ ఏమంటుందో ముందు అది రాయించండి. 1900 తర్వాత ఎవరికీ కనబడక, ఇక లేదనుకున్న కలివికోడిని 1986లో కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర పట్టి చూపించింది ఐతన్న అనే స్థానికుడు. శాస్త్రవేత్తలు బొమ్మ పట్టుకుని ఊరూరా అడిగితే ఆ పిట్ట తెలిసినవాడు దొరికాడు. మీ క్లాసులో అలాంటి అవ్వల మనవరాళ్లు ఉంటారు.

నవంబరు దాటాక బస్సు దొరికితే నేలపట్టు పక్షుల అభయారణ్యానికి తీసుకెళ్లండి. నీటి కడప చెట్ల మీద గూడబాతుల (పెలికాన్ల) గూళ్లు, కింద నీళ్లలో రెట్ట. ఆ నీళ్లు పొలానికి బలమని ఆ ఊరివాళ్లు పిట్టల్ని తరతరాలుగా కాపాడుకుంటూ వచ్చారు. పిల్లలకు ఊరివాళ్లతో మాట్లాడే టైము ఇవ్వండి, అది టెలిస్కోపు కన్నా ముఖ్యం.


వడమాలపేట మామిడి రైతు

నేను టీచరును కాను, ఏడో తరగతి పిల్లవాడి తండ్రిని. బళ్లో ఇట్లాంటివి పెడితే మార్కులు పోతాయని పెద్దోళ్లు అంటారని మీకు అనిపించొచ్చు, అందుకే రాస్తున్నా. పోయిన జనవరిలో మా వాడికి వాళ్ల సార్ ఒక పని ఇచ్చాడు. మామిడి పూత దగ్గర పది నిమిషాలు కూర్చుని ఏమేం వాలుతున్నాయో లెక్క రాయాలి. తోతాపురి చెట్టు కింద స్టూలు వేసుకుని వారం రోజులు కూర్చున్నాడు. నేను తేనెటీగలు అనుకున్నా. వాడి లెక్కలో ఎక్కువ ఈగలే. రకరకాల ఈగలు, పచ్చగా మెరిసేవి, నడుముకు పసుపు పట్టీలున్నవి. కాయ పట్టేది వాటి వల్లేనంట. పూత విచ్చుకున్న రోజుల్లో మేం తేనెమంచు పురుగుకు మందు కొట్టేవాళ్లం. వాడు నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టి, "నాయనా, మనం కొట్టేది వీటికి కూడా తగుల్తుంది కదా" అన్నాడు. వ్యవసాయాధికారిని అడిగితే నిండు పూతలో కొట్టకూడదనే చెప్పాడు. అప్పటినుంచి మొగ్గ మీదున్నప్పుడే చూసి, అవసరమైతేనే కొడుతున్నాం. ఇరవై ఏళ్లుగా ఆ చెట్ల కిందే ఉన్నా, ఒక్కరోజూ పది నిమిషాలు పూత వంక చూస్తూ కూర్చోలేదు నేను.

మా బావి మీద తాటిచెట్టుకు గిజిగాడి గూళ్లు ఉన్నాయి. ఇప్పుడు వానల్లో కడుతుంటాయి. మగది సగం కట్టి రెక్కలాడిస్తూ పిలుస్తుంది, ఆడది వచ్చి చూసి దానికి నచ్చితేనే మగది మిగతా సగం కడుతుంది. నచ్చక వదిలేసిన సగం గూళ్లు కింద పడుంటాయి. విప్పి చూస్తే లోపల మట్టి ముద్దలు అంటించి ఉంటాయి. కావాలంటే మీ బడికి రెండు గూళ్లు పంపిస్తాను. పిల్లల్ని తీసుకొచ్చినా మజ్జిగ ఇస్తాం. బావికి గోడ ఉంది, అయినా ఇద్దరు పెద్దవాళ్లు తోడుండాలి.


చంద్రగిరి బయాలజీ టీచర్ (నాలుగు వారాల తర్వాత)

గుంతలు తవ్వేశాం. మూడు శనివారాలు పట్టింది. 56లో తొమ్మిది ఎక్కడున్నాయో ఆనవాలు దొరకలేదు. మిగతా 47లో 21 గుంతల్లో నల్ల కవరు అట్లాగే ఉంది. అయివారు చెప్పినట్టే వేర్లు లోపల చుట్టుకుని ఉన్నాయి. ఒక పిల్లవాడు ఒకదాన్ని జాగ్రత్తగా విప్పి కొలిస్తే మూర పొడుగుంది, అదంతా పిడికెడు మట్టిలో. 14 గుంతల్లో జానెడు కింద ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు వచ్చాయి. కొత్త గదులు కట్టినప్పుడు మిగిలిన రాళ్లూ రప్పలూ అక్కడే పూడ్చినట్టున్నారు. ఎనిమిది మేకల పని. నాలుగింటి సంగతి తేలలేదు. తేలలేదనే రాయించాను.

నీళ్లు లేక చచ్చాయని 71 మందిలో 58 మంది ముందు రాసుకున్నారు. ఆ కాగితాలు తీసి చూసుకుని చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. బతికిన నాలుగూ మధ్యాహ్న భోజనం పళ్లేలు కడిగే కుళాయి నీళ్లు పారే దోవలోనే ఉన్నాయి. అంటే నీళ్ల మాట కూడా తప్పు కాదు మేడమ్, కవరు తీసి నీళ్లు కూడా ఉండాలి అని ఒకడు సర్దిచెప్పాడు.

నేను అనుకోనిది ఒకటి జరిగింది. గుంతల కోసం గ్రౌండు మ్యాపు గీస్తుంటే, మొదటిరోజు ప్రశ్న అడిగిన అమ్మాయి గోడ వారగా నడుస్తూ పోయి, ఎవరూ నాటని వేప మొలకలు చూసింది. కరెంటు తీగ కింద వరసగా ఉన్నాయి. తీగ మీద కూర్చున్న గోరింకలు వేపపండ్లు తిని గింజలు కింద వదిలినవి. వేపలు 11, కానుగ చెట్ల పక్కన కానుగ మొలకలు రెండు. పోయినేడాది వీటిని గడ్డితో పాటు చెక్కేసి ఉంటాం అంది ఆ అమ్మాయి. చెరువులోంచి సర్కారు తుమ్మ కంప నరికి తెచ్చి, ఒక్కో మొలక చుట్టూ కట్టారు పిల్లలు. ఈసారి వచ్చిన మొక్కల్లో పది మాత్రమే తీసుకుని, కవర్లు చించి, కుళాయి నీళ్లు పారే పక్కనే నాటాం.

ఎకో క్లబ్ రిజిస్టరులో పోయినేడాది 60 దగ్గర ఆగింది కదా. ఆ అమ్మాయి తీగ కింది మొదటి వేప మొలకకు 61 అని వేసింది. అక్కడినుంచి 73 దాకా ఎవరూ నాటనివి, 74 నుంచి 83 దాకా మేం నాటినవి.

జిల్లేడు మీద గుడ్లు రెండు దొరికాయి, అట్టపెట్టె తయారుగా ఉంది. సార్, ఈ కంప ఎన్నాళ్లు ఉంచాలి?


పుత్తూరు అయివారు

మేక ముందుకాళ్లు ఎత్తి నిలబడినా కొన అందనంత ఎదిగేదాకా అమ్మా. రెండు వానాకాలాలు పట్టొచ్చు. ఎండిన కంప ఏడాదికి విరిగిపోతుంది, వచ్చే జూన్‌లో కొత్తది కట్టించండి. ఈ తొమ్మిదో తరగతి వాళ్లు పోకముందే ఎనిమిదో తరగతి వాళ్లకు నంబర్లు చూపించి, ఎవరి మొలక ఎవరిదో అప్పజెప్పించండి.